కడింటి అద్దె

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. కొత్తగా కండక్టరుగా చేరిందట, పలాసకి వేశారట. ఎవరో నా నంబరు ఇచ్చారు. "అమ్మా, మీరు అక్కడ చాలాకాలం చేశారు కదా, తక్కువ అద్దెలో మంచి పేట ఏదైనా ఉంటే చెప్పండి, పిల్లల్తో దిగాలి" అంది. లైను కట్టయిందనుకుని ఆ పిల్ల హలో హలో అంటూనే ఉంది. రిటైరై ఇంట్లో కూర్చున్నా, తక్కువ అద్దె అన్న మాట వింటే నేను ఇప్పటికీ లేచెళ్ళి పెరటి తలుపు గొళ్ళెం చూసొస్తాను. ఫోన్లో చెబితే పిచ్చిదాన్ననుకుంటుందని, వివరంగా రాస్తానని చెప్పి పెట్టేశాను. ఆ పిల్లతో పాటు బదిలీ ఆర్డరు చేతిలో పట్టుకుని ఇల్లు వెతుక్కునే వాళ్ళందరూ చదువుకోవచ్చు.

నాకు విజయనగరం నుంచి పలాస బదిలీ అయినప్పుడు మా పాప ఎనిమిదో తరగతి. మా ఆయన బట్టల షాపులో సేల్స్‌మన్. ఎక్కడికెళ్ళినా ఏదో ఒక షాపులో పని దొరుకుతుందని ఆయన ధీమా. మా అత్తగారికి మాత్రం ఆ ధీమా లేదు. "ఆ నీళ్ళు తాగితే కిడ్నీలు పోతాయటే" అని బయల్దేరే రోజు దాకా గొణుగుతూనే ఉంది. పలాస ఉండేది ఉద్దానంలో, ఆ పేరనగానే ఎవరైనా ముందు అదే మాట అంటారు. మేమూ అదే భయంతో బయల్దేరాం. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన ప్రతి చోటా మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న నీళ్ళ గురించే.

పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో అద్దెలు విని మా ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. జీడిపప్పు వ్యాపారం ఉన్న ఊరు కదా, గోడౌనుకి ఇస్తే వచ్చే డబ్బు సంసారానికిస్తే రాదు. టెక్కలిలో కొంచెం చవక. కానీ నాది తెల్లవారుజామున బయల్దేరే మొదటి బస్సు. ఆ వేళకి టెక్కలి నుంచి నన్నెవరు తెచ్చి పలాసలో పడేస్తారు? వారం రోజులు డిపోలో లేడీస్ రెస్ట్‌రూములోనే పడుకున్నాను. అలాంటప్పుడు నా బస్సు డ్రైవరు ఒక మాట అన్నాడు.

ఆయన నాకంటే బాగా పెద్ద. మొదటి రోజు నుంచీ చెల్లెమ్మా అనే పిలిచేవాడు, నేను అన్నా అనేదాన్ని. నోట్లో ఎప్పుడూ లవంగం ఉండేది. హారన్ కొట్టడమంటే అవమానమనుకునే మనిషి.

"మా పేటలో ఒక ఇల్లుంది సెల్లెమ్మా. రెండు గదులు, వంటిల్లు, పెరట్లో బాత్రూము. నీళ్ళకి బెంగ నేదు, ట్యాంకు నీళ్ళొత్తాయి. మా ఇంటి పక్కదే. అద్దె సూత్తే నువ్వే నవ్వుతావు" అన్నాడు.

నిజంగానే నవ్వాను. కాశీబుగ్గలో అడిగినదానిలో సగం కూడా లేదు. పలాస నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద, ఆటో దిగి లోపలికి నడిస్తే ఒకటే వీధి. రెండు వైపులా పెంకుటిళ్ళూ స్లాబ్ ఇళ్ళూ. వీధి చివర మాకిచ్చిన ఇల్లు. దాని వెనక కంచె, కంచె వెనక జీడితోట. ఇంటాయన ఇచ్ఛాపురంలో ఉంటాడట. "ఇంత చవకేంటండీ?" అని మా ఆయన అడిగితే డ్రైవరన్న, "ఖాళీగుంటే ఇల్లు పాడవుద్ది కదేటి" అన్నాడు. సబబుగానే ఉందనుకున్నాం. అత్తగారు తూర్పు ఏదో చూసుకుంది, మా ఆయన కుళాయి తిప్పి నీళ్ళు రుచి చూశాడు, నేను డిపోకి ఎంత దూరమో లెక్కేసుకున్నాను. ముగ్గురం ముగ్గురికి కావల్సింది చూసుకున్నాం. పెరటి కంచె ఎందుకంత ఎత్తుగా ముళ్ళకంపతో కట్టారో మా ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు.

ఆ వీధి మమ్మల్ని నెత్తిన పెట్టుకుంది. చెబితే నమ్మరు, సామాను దింపుతున్నప్పుడే నలుగురు మగాళ్ళు వచ్చి బీరువా మోశారు. ఒకామె అన్నం, ఒకామె కూర తెచ్చింది. డ్రైవరన్న భార్యయితే మా అత్తగారికి సొంత చెల్లెలైపోయింది. పొద్దున్నే వచ్చి మా పెరడంతా ఒకసారి చూసి, పనస తొక్కలూ తొనల పిప్పీ ఏమున్నా బుట్టలో ఎత్తుకుపోయేది. "ఆవుకేత్తాను అక్కా" అనేది. ఆరుబయట ఎండుచేపలు ఆరేస్తే, "పిల్లి పీక్కుపోద్ది" అని లోపల పెట్టించేది. పెరటి లైటు ఆర్పకండి, బిల్లు మేం చూసుకుంటాం అని ఎదురింటాయన అన్నప్పుడు నేను మా ఆయనతో, మన విజయనగరంలో ఇలాంటి మనుషులున్నారా అని అడిగాను. డ్రైవరన్న భార్యకి అసలు ఆవే లేదని నాకు చాలాకాలం తెలియలేదు. తెలిసినా, ఎవరి ఆవుకో వేస్తుందిలే అనుకుని ఉండేదాన్ని. మంచివాళ్ళని అనుమానించడానికి కూడా కొంచెం తీరిక కావాలి. మొదటి బస్సు కండక్టరుకి ఆ తీరిక ఉండదు.

మొదటి బస్సు అంటే ఏమిటో మీలో కొందరికి తెలియకపోవచ్చు. లోకం నిద్రపోతుండగా లేచి, నీళ్ళు కాచుకుని, అన్నం వండి క్యారేజీ కట్టుకుని, డిపోకి వెళ్ళి టికెట్ మెషీను, లెక్కలు రాసే వేబిల్లు తీసుకుని బస్సెక్కాలి. మా ఇంట్లో ఆ వేళకి లైట్లన్నీ వెలిగేవి, గిన్నెలు మోగేవి, అత్తగారు నన్ను తిడుతూ దగ్గేది. వీధంతటికీ మేమే కోడిపుంజులం. పక్కవాళ్ళకి నిద్ర చెడగొడుతున్నామని నేను సిగ్గుపడితే డ్రైవరన్న భార్య, "సప్పుడు సెయ్యమ్మా, మాకేటి పరవానేదు" అనేది. ఎంత పెద్ద మనసో అనుకున్నాను.

ఇక ఆ రోజు సంగతి. ఎండాకాలం, పాపకి సెలవులు. జీడిపళ్ళు రాలి తోటంతా ఆ పులిసిన తీపి వాసన. ముందు రోజు డ్రైవరన్న భార్య టెక్కలిలో పుట్టింటికి వెళ్ళింది. అదే రోజు మా అత్తగారు బాగా పండిన పనసకాయ ఒకటి కోసి, వీధిలో సగం మందికి పంచి, తొక్కలు బాత్రూము పక్కన కుప్ప పోసింది. ఎత్తుకుపోయే మనిషి లేదు కదా. అవి అక్కడే ఉండిపోయాయి.

మా బస్సు బారువ వెళ్ళి తిరిగొస్తోంది. తెల్లారి చాలాసేపైంది. వెనక సీట్ల నిండా ఎండుచేపల బుట్టలు, వాటి పక్కన చేపలమ్ముకునే ఆడవాళ్ళు. సోంపేట దాటాక టికెట్లు కొట్టడం అయిపోయి సీట్లో కూలబడ్డాను. ఫోన్ మోగింది. మా ఆయన. గొంతు ఆయనది కాదు.

"పెరట్లో ఎలుగుబంటుంది" అన్నాడు.

"ఏ ఎలుగుబంటి?" అన్నాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. మాకు తెలిసిన ఎలుగుబంట్లు ఏవో ఉన్నట్టు అడిగాను.

"పాప స్నానానికెళ్ళింది. బాత్రూములోనే ఉండిపోయింది. అది తలుపు దగ్గరే ఉందే" అన్నాడు, ఏడుస్తూ.

నేను లేచి నిలబడ్డాను. బెల్లు కొట్టడం కూడా మర్చిపోయి, "అన్నా, బస్సాపు" అని అరిచాను. బస్సు పక్కకి తీశాడు. "మా పెరట్లోకి ఎలుగొచ్చిందట. పాప బాత్రూములో ఉందట" అన్నాను. నా నోట్లోంచి వస్తున్న మాటలు నాకే అబద్ధంలా వినిపిస్తున్నాయి. ఆయన వెనక్కి తిరగలేదు. ఎలుగేంటి అని అడగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"ఒంటిదా, పిల్లల్తోటుందా?" అన్నాడు.

చుట్టాలొచ్చారంటే ఎంతమంది అని అడుగుతాం చూడండి, అలా అడిగాడు. నేను ఫోన్లో అదే మాట అడిగాను. ఒక్కటే అన్నాడు మా ఆయన.

"ఒంటిదయితే పోద్ది. గుంటని నోరు మెదపొద్దను. కుళాయి కట్టీమను. గొళ్ళెం లోపల్నించి పడుందా? తియ్యొద్దను, ఎవులు పిలిసినా తియ్యొద్దను. మీ ఆయన్ని అరుగు దిగొద్దను. ఆయన దిగితే అది బెదిరి మీదడిపోద్ది."

ఒక్కొక్క మాటా నేను ఫోన్లో అప్పజెబుతున్నాను. మా ఆయన వంటింటి కిటికీలోంచి పాపకి అందుతుందో లేదో తెలియని గొంతుతో చెబుతున్నాడు. ఈలోగా డ్రైవరన్న చొక్కా జేబులోంచి తన ఫోన్ తీసి వీధిలో ఎవరికో చేశాడు. "కడింట్లో దిగింది. డబ్బాలట్టుకుని రోడ్డేపు నుంచి రండి. తోటేపు ఎవులూ ఎల్లకండి, దానికి దారి ఒగ్గీండి. బేగి రండి." అంతే. పెట్టేశాడు.

కడింట్లో దిగింది. కడిల్లంటే వీధి చివరి ఇల్లు, మాది. మా ఇంటికొక పేరుందని, ఆ పేరుకీ ఎలుగుకీ సంబంధముందని, అది అక్కడ దిగుతుందని వీధంతటికీ తెలుసని, తెలియనిది మాకేనని ఆ ఒక్క మాటలో అర్థమైంది. ఒక ముసలి చేపలామె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతి వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. ఫోన్లో డబ్బాల మోత, కేకలు, కుక్కల అరుపులు వినిపించాయి. తర్వాత ఏమీ వినిపించలేదు. ఆ నిశ్శబ్దంలో నేను మొక్కని దేవుడు లేడు. చివరికి "అమ్మా" అని మా పాప గొంతు వినిపించింది. "పాప మాట్లాడింది అన్నా" అన్నాను.

"రైట్ సెప్పు సెల్లెమ్మా, పోదాం" అన్నాడు డ్రైవరన్న. నేను రైట్ చెప్పాను. ఏం ఉద్యోగమో!

ఇంటికెళ్ళేసరికి పాప అత్తగారి ఒళ్ళో ఉంది. జుట్టులో సబ్బు నురగ అలాగే ఎండిపోయింది. ఒంటి మీద ఒక్క గీత లేదు. బాత్రూము రేకు తలుపు మాత్రం లోపలికి వంగిపోయి ఉంది. నేను ఆ వంపు మీద చెయ్యి పెట్టి చూశాను. ఇంకొంచెం వంగితే గొళ్ళెం ఊడేది. పాప ఆ పూటంతా నానమ్మ ఒళ్ళోంచి దిగలేదు. పాపది భయం, నాది భయం కాదు. నాకు అంత కోపం అంతకు ముందెప్పుడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

సాయంత్రం వాళ్ళింటి ముందు నిలబడ్డాను. డ్రైవరన్న అరుగు మీద తల దించుకుని కూర్చున్నాడు. కబురు తెలిసి ఆయన భార్య టెక్కలి నుంచి వచ్చేసింది, ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చి నిలబడింది.

"తెలుసా మీకు?" అన్నాను.

"తెలుసు" అంది ఆమె. దాచలేదు. "జీడిపళ్ళ రోజుల్లో పనస వాసన పట్టీసి తోటలోంచి వత్తాది. కడిల్లు ఖాళీగుంటే అందులో దూరి పడుకుంటాది. అలగైతే మనుసులున్న కడిల్లు మాదవుద్ది సెల్లెమ్మా. మేం పోతే ఆ పక్కోల్లది. అందుకే ఆ ఇల్లు ఖాళీగా ఉండనియ్యం. నువ్విచ్చేది సగం అద్దే. మిగతాది ఈదంతా ఏసుకుని ఇంటాయనకి పంపుతాం."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్కొక్కటే లెక్కకొచ్చింది. మాకు అన్నం పెట్టిన చేతులు, బీరువా మోసిన భుజాలు, కరెంటు బిల్లు కట్టిన ఎదురింటాయన. ఆ మర్యాదంతా, మేం ఆ చివర కాపలా ఉన్నందుకు ఇస్తున్న జీతం. మేం వీధికి కొత్తగా కట్టిన కంచె.

"నన్నే ఎందుకు తెచ్చావు అన్నా?" అన్నాను.

ఆయన అప్పుడు తలెత్తాడు. "నువ్వు అందరికంటే ముందు నిద్ర నెగుత్తావు. లైట్లేత్తావు. సప్పుడు సేత్తావు. సప్పుడున్న ఇంటికి అది రాదు" అన్నాడు. "నాకూ మనవలున్నారు సెల్లెమ్మా."

నేను ఆయన్ని అనకూడని మాటలన్నీ అన్నాను. వీధిలో ఒక్కరూ ఎదురు చెప్పలేదు. ఎదురు చెబితే బాగుండేది. నేను అలిసిపోయి ఆగాక ఆమె ఎప్పట్లాగే బుట్ట తెచ్చి, మా పెరట్లో మిగిలిన పనస తొక్కలన్నీ ఏరి పట్టుకుపోయింది. అది చూస్తే నాకు ఏడుపొచ్చింది.

అత్తగారు ఆ క్షణమే విజయనగరం పోదామంది. ఉద్యోగం నాది, ఉన్నపళంగా వదిలి పోవడానికి లేదు. మళ్ళీ ఇళ్ళ వేట మొదలైంది. మా ఆయన తను చేరిన బట్టల షాపులో బతిమాలి, కాశీబుగ్గలో ఒక గోడౌను వెనక ఒక్క గది సంపాదించేసరికి వానలు పడ్డాయి. అన్నాళ్ళూ ఆ కడింట్లోనే ఉన్నాం. నేను డ్యూటీకెళ్ళేటప్పుడు పాపనీ అత్తగారినీ లోపల పెట్టి, మా ఆయన షాపు వేళ దాకా పళ్ళెం గరిటె పట్టుకుని గుమ్మంలో కూర్చునేవాడు. డ్యూటీ చార్టు మార్చమని అడిగాను, మనుషులు లేరన్నారు. డ్రైవరన్నకీ నాకూ మధ్య బెల్లు తప్ప ఇంకో మాట లేదు. ఒక బెల్లు ఆగడానికి, రెండు బెల్లులు పోవడానికి. క్యారేజీ విప్పినప్పుడు ఆయన బస్సుకి ఆ పక్క, నేను ఈ పక్క.

ఇల్లు ఖాళీ చేసే రోజున ట్రాలీ ఆటోలోకి సామాను ఎక్కిస్తున్నాం. డ్రైవరన్న ఒక కుర్రజంటని వెంటబెట్టుకొచ్చాడు. ఇచ్ఛాపురం అవతల నుంచి వచ్చారట. అతను జీడి ఫ్యాక్టరీలో కొత్తగా చేరాడు. ఆ పిల్ల చంకలో ఏడాది కూడా నిండని బిడ్డ. ఇద్దరూ ఒరియాలో ఏదో అనుకుంటూ ఇల్లు చూస్తున్నారు. ఇద్దరి ముఖాల్లో మొదటి రోజు మా ముఖాల్లో ఉన్న సంతోషమే.

నేను చీపురు కింద పడేసి అతని ముందుకెళ్ళాను. డ్రైవరన్న వింటుండగానే మొత్తం చెప్పాను. తోట, పనస తొక్కలు, బాత్రూము, వీధి వేసే డబ్బులు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వంగిన రేకు తలుపు చూపించాను. "అద్దె ఎందుకు తక్కువో తెలుసుకో నాయనా, ఈ బిడ్డని తీసుకుని ఇప్పుడే వెళ్ళిపో" అన్నాను. డ్రైవరన్న అడ్డం రాలేదు. గోడకానుకుని నిలబడి విన్నాడు. నేను చెప్పిందంతా నిజమేనా అని అతను అడిగితే, నిజమే అన్నట్టు తలూపాడు.

అతను భార్యకి ఒరియాలో చెప్పాడు. ఆ పిల్ల బిడ్డని గట్టిగా పట్టుకుని తలుపు దగ్గరికెళ్ళి, నాలాగే ఆ వంపు మీద చెయ్యి పెట్టి చూసింది. తిరిగొచ్చి మొగుడితో ఒక్క మాట అంది. అతను నా వైపు తిరిగాడు.

"అద్దె మాత్రం మీకిచ్చినంతకే ఇస్తారు కదమ్మా?" అన్నాడు.

"నేను చెప్పింది అర్థమైందా నీకు?" అన్నాను.

"అయిందమ్మా. ఎలుగు రోజూ రాదు కదా. అద్దె నెల తిరిగేసరికి వచ్చేస్తాది" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. పెద్దదాన్ని, నొచ్చుకుంటానేమోనని కొంచెం నవ్వాడు కూడా.

ఉన్నది ఉన్నట్టు చెబితే వాళ్ళు పరిగెత్తుకు పోతారనుకున్నాను. డ్రైవరన్న నా మీద విరుచుకు పడతాడనుకున్నాను, దానికి జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఒక్క జవాబూ పనికి రాలేదు.

ఆటో అతను హారన్ కొడుతున్నాడు. డ్రైవరన్న ఇన్నాళ్ళకి నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నీకూ ముందే సెప్పాల్సింది సెల్లెమ్మా. తప్పే. మరి సెప్పుంటే దిగకపోదువా?" అన్నాడు.

కచ్చితంగా దిగేదాన్ని కాదని చెప్పడానికి నోరు తెరిచాను. కాశీబుగ్గలో జేబుల్లో చేతులు పెట్టుకుని వెనక్కి తిరిగిన మా ఆయన కనిపించాడు. లేడీస్ రెస్ట్‌రూములో చాప కనిపించింది. ఆయన నా జవాబు కోసం ఆగకుండా, కుర్రాడి పెట్టె భుజానికెత్తుకుని లోపలికి తీసుకెళ్ళాడు. వీధిలోంచి ఇంకో ఇద్దరు సాయం వచ్చారు. ఎవరో పళ్ళెంలో అన్నం పట్టుకొస్తున్నారు.

నేను తాళంచెవి ఆ పిల్ల చేతికిచ్చాను. పెరటి లైటు స్విచ్చి ఎక్కడుందో చూపించాను. ఆమె బిడ్డని గుమ్మంలో కూర్చోబెట్టి, చెంగు నడుముకి దోపి, నేను ఊడ్చిన గదినే మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది.